గండికోటలో దిగేవాళ్లు

"గండికోటలో చూసేదానికి ఏముండాది సామీ?"

జమ్మలమడుగు బస్టాండులో గండికోట బోర్డు పెట్టి బస్సు నిలిపితే, మెట్టు మీద ఒక కాలు పెట్టి ఈ మాట అడగని కొత్తమనిషి ఉండడు. ప్రొద్దుటూరుకు నగలు కొనడానికి వచ్చి ఒక పూట మిగిలినవాళ్లు, పులివెందులలో పెళ్లికొచ్చిన బెంగుళూరు చుట్టాలు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి చేరిన ఉత్తరాది పిల్లలు, అందరిదీ ఇదే ప్రశ్న. నేను ఆర్టీసీలో కండక్టరును. వెనక జనం తోసుకుంటుంటారు, ముందు డ్రైవరు హారన్ కొడుతుంటాడు. "ఎక్కండి, పోయినాక మీకే తెలుస్తాది" అని టికెట్టు చేతిలో పెట్టేవాణ్ణి. రిటైరైనాక తీరిక దొరికింది. దొరికిన పుస్తకాలన్నీ చదివాను, కోటలో మూలమూలా తిరిగాను. ఆ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలని చాన్నాళ్లుగా మనసులో ఉంది.

ముందు ఒక సంగతి. ఆ బస్సులో కొత్తవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది కోటలో కాపురం ఉండేవాళ్లు. అవును, కోట లోపల ఈరోజుకీ ఊరుంది. పొద్దున బస్సుకు బడిపిల్లలు దిగొస్తారు. సంతకు, బ్యాంకుకు, లండన్ మిషన్ వాళ్లు ఎప్పుడో పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రికి పెద్దవాళ్లు వస్తారు. సాయంత్రం బస్సుకు బియ్యం మూటలు, మందుల కవర్లు పట్టుకుని మళ్లీ పైకి పోతారు. గండికోటను చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ ఊరి మధ్యలోంచే నడిచిపోతారు, కానీ ఊరిని చూడరు. నా బాధంతా అదే.

జమ్మలమడుగు నుంచి పైకి 15 కిలోమీటర్లు. మొదట నల్లరేగడి చేలు. కార్తీకంలో వస్తే రెండు వైపులా శనగ, జొన్న. కాసేపటికి నేల రంగు మారుతుంది, ఎర్రబండ మొదలవుతుంది. అదే ఎర్రమల. ఇక్కడి రాతికి భూగర్భశాస్త్రం వాళ్లు ఈ కోట పేరే పెట్టుకున్నారు: గండికోట క్వార్ట్‌జైట్. దాని కింద తాడిపత్రి పేరున్న పొర ఉంటుంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. ఒకప్పుడు ఇది సముద్రం అడుగున పేరుకున్న ఇసుక అంటారు. నంది కొండల్లో పుట్టిన పెన్న ఉత్తరంగా వచ్చి, తూర్పుకు తిరిగి, చిత్రావతిని కలుపుకుని ఈ బండను నిలువునా కోసుకుంటూ బయటపడింది. ఆ కోత దాదాపు 300 అడుగుల లోతు. ఫోన్లలో అందరూ చూసే బొమ్మ ఇదే.

కోటకు ఆ లోయ ఒక వైపు గోడ. అక్కడ మనిషి కట్టాల్సిన పనే లేదు. మిగిలిన వైపులు మాత్రం కట్టారు. గోడ చుట్టుకొలత దాదాపు 5 మైళ్లు, బురుజులు 101 అని చెబుతారు. తూర్పు గవిని దగ్గర బస్సు దిగి లోపలికి పోతే, దారి నేరుగా పోదు. ఒక మలుపు తిరిగి మళ్లీ ఇంకో మలుపు తిరుగుతుంది. ఏనుగు ఉరికొచ్చి తలుపును ఢీకొట్టకుండా ఆ ఏర్పాటు. తలుపులకు ఇనుప రేకులు తాపి, మేకులు దిగ్గొట్టారు. చేతితో ఆ మేకులను తడిమి చూడండి. ఎండకు కాగి ఉంటాయి, అంచులు మొద్దుబారాయి కానీ గట్టితనం తగ్గలేదు.

మొదటి కోట మట్టికోట అంటారు. 1123లో పక్కనే ఉన్న బొమ్మనపల్లెకు చెందిన కాకరాజు కట్టించాడనీ, అతడు చాళుక్య ఆహవమల్లుడి సామంతుడనీ కథ. ఆహవమల్ల సోమేశ్వరుడు 1068లోనే తుంగభద్రలో దిగి ప్రాణం విడిచాడు. కాబట్టి రాజు పేరో, సంవత్సరమో, ఏదో ఒకటి తప్పు. పాత ఊళ్ల కథలన్నీ ఇంతే, మనిషిని గుర్తు పెట్టుకుంటాయి, లెక్కను వదిలేస్తాయి. తర్వాత కాకతీయుల కింద కాయస్థ నాయకులు ఈ ప్రాంతమంతా ఏలారు. ఆ కాలం గురించి నేల మీద కనిపించేది తక్కువ.

ఇప్పుడు మనం చూసే రాతికోటకు ఊపిరి పోసింది విజయనగరం, దాని తరఫున ఇక్కడ ఉన్న పెమ్మసాని నాయకులు. కృష్ణదేవరాయల వెంట యుద్ధాలకు వెళ్లిన పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశంవాడే. 1565లో విజయనగరం కూలాక రాజధాని పెనుకొండకు తరలింది. ఉత్తరాన గోల్కొండ బలపడింది. అప్పట్నించి గండికోట రాజ్యానికి వాకిట్లో కాపలా కోట అయింది. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి ఆ నాయకుల కాలం పనే. మాధవరాయస్వామి గోపురం నాలుగంతస్తులు. లోపల మంటపం స్తంభాల మీద ఉలి పని ఇంకా స్పష్టంగా ఉంది. గర్భగుడి ఖాళీ. అక్కడి మూలవిరాట్టే మైదుకూరు గుడిలో పూజలందుకుంటున్నాడని చెప్పుకుంటారు.

ఒక్క నిమిషం గుడిని వదిలి, నీళ్ల దగ్గరికి రండి. 300 అడుగుల కింద నది ఉంటుంది. పైన బండ. ఒక సైన్యం, గుర్రాలు, ఏనుగులు, వేలమంది జనం ఏం తాగారు? కోట మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ప్రశ్న ఇది. జవాబు రాయలచెరువు, కత్తుల కోనేరు, బండల మధ్య వానకు నిండే దొనలు. పడిన వాన చుక్క లోయలోకి జారిపోకుండా బండ వాలును చూసి పట్టారు. కత్తుల కోనేరులో యుద్ధం తర్వాత కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబారాయని కథ. కథ ఎలా ఉన్నా, దాని మెట్లు దిగి చూస్తే తెలుస్తుంది: ఇది అలంకారానికి తవ్వింది కాదు. కోటను గెలిపించింది గోడలకంటే ముందు ఈ నీళ్లే. మా సీమలో పుట్టినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టాడు. పెమ్మసాని చినతిమ్మానాయుడికి సొంత మనిషే విషం పెట్టించాడని, పొదిలి లింగన్న పేరు చెప్పి మా వైపు ఇప్పటికీ తిడతారు. నిజానిజాలు ఎలా ఉన్నా కోట చేజారింది. ఆ వంశంలో కొందరు దక్షిణానికి పోయారు. తిరునెల్వేలి వైపు కురివికుళం జమీందారులు పెమ్మసాని వాళ్లే.

మీర్ జుమ్లా పర్షియా నుంచి వచ్చినవాడు. వజ్రాల వ్యాపారంలో ఎదిగాడు, సొంత ఓడలు నడిపాడు, చివరికి గోల్కొండ సుల్తానుకే భయం పుట్టించేంత పెద్దవాడయ్యాడు. 1652 సెప్టెంబరులో అతణ్ణి కలవడానికి ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు టవెర్నియే గండికోటకు వచ్చాడు. మచిలీపట్నంలో ఓడ దిగి, మద్రాసు మీదుగా ఇక్కడికి చేరాడు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్మాలంటే ముందు మీర్ జుమ్లా చూడాలి. మనకు అదృష్టం ఏమంటే, ఆ వర్తకుడు కళ్లు తెరుచుకుని తిరిగే మనిషి. చూసిందంతా రాసి పెట్టాడు.

కోటకు ఒకే ఒక్క దారి, అది కొండను తొలిచి వేసినది, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే, పక్కన భయంకరమైన లోయ, అడుగున పెద్ద నది అని రాశాడు. కొండపైన చిన్న మైదానం ఉందని, అందులో వరి, చిరుధాన్యాలు పండిస్తారని, ఊటలతో తడుపుతారని రాశాడు. కోట లోపల వరి! ఇప్పుడు లోపలికి పోయి చూసేవాళ్లకు ముళ్లకంప, రాళ్లగుట్టలు కనిపిస్తాయి. ఆ రాళ్ల మధ్య ఒకప్పుడు మడులు ఉన్నాయని తెలిస్తే అదే చోటును వేరే కళ్లతో చూస్తాం.

మీర్ జుమ్లా దర్బారును కూడా వర్ణించాడు. నవాబు గుడారంలో కింద కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు. కాలినుంచి ఒకటి, చేతినుంచి ఒకటి లాగి చదువుతూ, పక్కన కూర్చున్న లేఖకులకు జవాబులు చెబుతున్నాడు. కొన్ని తనే రాస్తున్నాడు. నేరస్థులను తెచ్చి నిలబెడితే అక్కడికక్కడే శిక్షలు చెబుతున్నాడు. జీవితమంతా వేళ్ల మధ్య నోట్లు మడిచి పెట్టుకుని, నోటితో స్టేజీలు అరుస్తూ, ఇంకో చేత్తో టికెట్లు చింపిన మనిషిని నేను. ఆ నవాబు కూర్చున్న తీరు నాకు అచ్చంగా కళ్లకు కట్టింది. పదకొండేళ్ల తర్వాత, 1663లో, మొఘలుల తరఫున అస్సాం దండయాత్ర చేసి తిరిగొస్తూ ఈ మనిషి చనిపోయాడు. అప్పటికి బెంగాలు సుబేదారు.

ఇంకో సంగతి చెప్పాలి. కోటలో ఫిరంగులు పోత పోయించాలని మీర్ జుమ్లా అనుకున్నాడు. క్లోద్ మాయె అనే ఫ్రెంచి మనిషి ఆ పనికి ఒప్పుకున్నాడు. ఇరవై ఫిరంగులు కావాలి. రాగి ఎక్కడిది? చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలను తెప్పించి కరిగించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదని టవెర్నియే రాశాడు. పూజారులేదో మంత్రం వేశారని వాళ్లను బెదిరించారట. చివరికి మాయె చేతిలో ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా కుదరలేదు. ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది. ఆ మనిషి పని వదిలేసి వెళ్లిపోయాడు. మాధవరాయస్వామి గుడి ఎదుట నిలబడినప్పుడు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. గుడిలో దేవుడు లేకపోవడానికి కారణం ఏ పుస్తకంలో ఏమున్నా, ఈ ఆవరణలో ఒకప్పుడు విగ్రహాలు కొలిమికి పోయాయన్నది నిజం. అది మరిచిపోవాల్సిన విషయం కాదు. అలాగని పక్కనున్న మసీదు వైపు కోపంగా చూడాల్సిన పనీ లేదు. రాజులకు రాగి కావాల్సొచ్చింది. గుడికి, మసీదుకు మధ్య ఉన్న ఊరిలో రెండు రకాల జనమూ తరాలుగా కలిసే బతికారు. నా బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్లు.

జామా మసీదు గోల్కొండ పాలనలో కట్టింది. ముందు పెద్ద ఆవరణ, చుట్టూ కమానుల వరస, రెండు మినార్లు. మధ్యాహ్నం పూట ఆ కమానుల కింద నీడ చల్లగా ఉంటుంది. దానికి దగ్గరలోనే ధాన్యాగారం. నన్ను అడిగితే గండికోటలో అన్నింటికంటే ముందు చూడాల్సిన కట్టడం అదే. బయటినుంచి చూస్తే బోసిగా ఉండే పెద్ద రాతి కొట్టు. లోపలికి పోతే పైకప్పు గుండ్రంగా ఒంపు తిరిగి, ఎత్తుగా, చీకటిగా ఉంటుంది. మాట్లాడితే గొంతు తిరిగొస్తుంది. ముట్టడి పడితే నెలల తరబడి కోటను బతికించిన గింజలు ఇక్కడ ఉండేవి. కొన్నాళ్లు దీన్నే ప్రయాణికుల బంగళాగా కూడా వాడుకున్నారని అంటారు. జైలు, అందరూ చార్మినార్ అనే పావురాల గోపురం, రంగమహలు దారిలోనే కనిపిస్తాయి. వాటికి నా సిఫారసు అక్కర్లేదు.

ఇంత పెద్ద ఊరు ఎట్లా పాడుబడింది? యుద్ధంలో నేలమట్టం కాలేదు. అధికారం దిగి వెళ్లిపోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో మయానా నవాబులు కడపను గద్దెగా చేసుకున్నారు. కాగితాల మీద గండికోట పెద్దదే. నిజాం కింద కర్ణాటక బాలాఘాటులో ఐదు సర్కార్లు ఉండేవి: సిద్ధవటం, గండికోట, గుత్తి, గుర్రంకొండ, కంభం. కానీ దర్బారు ఎక్కడుంటే పనివాళ్లు అక్కడికి పోతారు. తర్వాత హైదరలీ, టిప్పు. 1792లో టిప్పు ఓడి ఈ భాగం నిజాముకు పోయింది. 1800లో నిజాము దీన్ని కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్ల ఆయుధాలు దించాడు, రైతు పేరు మీద నేరుగా శిస్తు కట్టించాడు. శిస్తు కచేరీకి కోట అక్కర్లేదు, జనం సులభంగా రాగల కింది ఊరు కావాలి. తాలూకా జమ్మలమడుగులో కూర్చుంది. నేసేవాళ్లు, అమ్మేవాళ్లు, రాసేవాళ్లు కొండ దిగారు. 1871కి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుబాట పూర్తయింది. అది ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా పోయింది, కోటకు చాలా దూరంగా. పత్తి, బంగారం వ్యాపారం ప్రొద్దుటూరు చుట్టూ పెరిగింది. కొండ మీద సేద్యగాళ్లు, మేకలవాళ్లు, గుడీ మసీదూ కనిపెట్టుకున్నవాళ్లు మిగిలారు. వాళ్ల మనవలే నా బస్సు ఎక్కేవాళ్లు.

మా పెద్దమ్మాయి ఇంగ్లండులో నర్సు. నన్ను, వాళ్లమ్మను పిలిపించుకున్నప్పుడు మార్గేట్ అనే సముద్రం ఒడ్డు ఊరికి తీసుకుపోయింది. ఒకప్పుడు లండన్ జనానికి అది పెద్ద విడిది. సముద్రస్నానం చేస్తే జబ్బులు పోతాయని నమ్మి, 1791లోనే అక్కడ సముద్రస్నానాల ఆసుపత్రి పెట్టారు. 1846లో రైలొచ్చింది, కూలిపని చేసుకునేవాళ్లు కూడా సెలవు రోజు రాగలిగారు. హోటళ్లు, నాట్యశాలలు, డ్రీమ్‌ల్యాండ్ అనే వేడుకల పార్కు లేచాయి. 1960ల తర్వాత విమానాలు చవకై జనం స్పెయిను ఎండకు పోవడం మొదలుపెట్టారు. మార్గేట్ ఖాళీ అయింది. మేం పోయినప్పుడు ఒక వీధిలో మూసిన అంగళ్లు, తర్వాతి వీధిలో కొత్త కాఫీ హోటళ్లు. ఒడ్డున చిత్రకారుడు టర్నర్ పేరుతో 2011లో తెరిచిన పెద్ద చిత్రశాల. అది వచ్చాక ఊరికి మళ్లీ జనం వస్తున్నారని అమ్మాయి చెప్పింది. "నాయనా, ఇట్లాంటి పాతబడిన ఊరిని ఇంకా చూసేదానికి రావాల్నా?" అంది. నేను గంటల తరబడి ఆ ఒడ్డున నడిచాను. రావాల్సిందే అనిపించింది. బతికిన ఊరు, దెబ్బతిన్న ఊరు, మళ్లీ లేవాలని చూస్తున్న ఊరు ఒకేచోట కనిపిస్తాయి.

అయితే మార్గేట్‌కూ గండికోటకూ ఒక తేడా ఉంది. వచ్చేవాళ్ల కోసమే మార్గేట్ పెరిగింది, వాళ్లు రాకపోతే పడిపోయింది. గండికోట ఎప్పుడూ విడిది కాదు. ఇక్కడ గింజ దాచారు, నీళ్లు పట్టారు, శిస్తు లెక్కలు రాశారు, వరి నాటారు, తలుపుకు మేకులు కొట్టారు. దీన్ని విడిదిగా మార్చే పని మన కళ్లముందు ఇప్పుడే జరుగుతోంది. టూరిజం వాళ్ల హరిత హోటలు వచ్చింది, లోయ దగ్గర గుడారాలు వెలిశాయి, గండికోట ఉత్సవాలు జరుగుతున్నాయి. 2024 చివర కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. నాకు సంతోషమే. ఊరి పిల్లలకు పని దొరుకుతుంది. బస్సులు పెరుగుతాయి. కానీ వచ్చే కార్లలో చాలా భాగం ఇలా చేస్తున్నాయి: గవిని దాటి, ఊరు దాటి, గుడి మసీదు దాటి, నేరుగా లోయ అంచుకు. ఫొటో. తిరిగి కారు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలిక చెప్పి మన వాళ్లే గండికోటను ఒక లోయగా కుదించేశారు. లోయ నది చేసింది. ఊరు మనుషులు చేసింది. మనుషుల పనిని తొక్కుకుంటూ పోయి నది పనిని మాత్రమే చూసి రావడం నాకు నచ్చదు.

ఆ నది గురించి కూడా ఒక మాట. పై నుంచి చూస్తే కింద కదలకుండా నిండుగా కనిపించే నీళ్లు మైలవరం జలాశయం వెనక నీళ్లు. ఎగువన గండికోట జలాశయం ఉంది, 26.85 టీఎంసీలది. శ్రీశైలం నుంచి అవుకు మీదుగా కృష్ణ నీళ్లు అందులోకి వస్తాయి. అక్కడినుంచి పైడిపాళెం జలాశయానికి, చిత్రావతి జలాశయానికి ఎత్తిపోస్తారు. పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు ఆ నీళ్ల మీద ఆశపెట్టుకుని ఉన్నాయి. నీళ్లు లేక చెట్లు నరుక్కున్న రైతులను నేను బస్సులో చూశాను. ఆ నీళ్ల విలువ తక్కువ చేసి మాట్లాడను.

అయితే ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. ముద్దనూరు మీదుగా తాడిపత్రి పోయే సర్వీసులో తాళ్లప్రొద్దుటూరు, కొండాపురం నా నోట్లో నానిన స్టేజీలు. తాళ్లప్రొద్దుటూరు దగ్గర ఎక్కేవాళ్లలో ఎవరు ఎక్కడ దిగుతారో అడక్కుండానే టికెట్టు కొట్టేవాణ్ణి. పాత ఊళ్లు మునిగాయి. జనం కాలనీలకు పోయారు, పేర్లు అవే పెట్టుకున్నారు. ఒక పెద్దాయన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంటూ పాత ఇంటి గడపను ఊడదీసి తెచ్చి పెట్టుకున్నాడు. వేపకర్ర గడప, మధ్యలో కాళ్లు తొక్కి తొక్కి అరిగి ఒంపు తేలింది. కొత్త ఇంటికి అది రెండంగుళాలు పొట్టిది. పక్కన సిమెంటు పోసి సరిపెట్టాడు. "ఇది లేకపోతే ఇంట్లోకి పోయినట్టే ఉండదు రెడ్డీ" అన్నాడు. గండికోట తలుపు మేకులు తడిమినప్పుడు నాకు ఆ గడప కూడా గుర్తుకొస్తుంది. మీర్ జుమ్లా కాలంలో కొండ దిగి వెళ్లినవాళ్లు ఏం మోసుకుపోయారో ఏ వర్తకుడూ రాయలేదు.

అందుకే ఇంకా చూడదగిందేనా అంటే, చూడదగిందే, కానీ పూట పెట్టుకుని రండి. వేసవిలో వద్దు. బండ కాగి అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. వానలు వెనకబడ్డాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. ప్రొద్దుటూరు నుంచి వచ్చేవాళ్లు జమ్మలమడుగులో దిగి, వీలైతే నారాపుర వెంకటేశ్వరస్వామిని చూసుకుని, ఉగ్గాని బజ్జీ తిని బస్సెక్కండి. రైలులో వచ్చేవాళ్లకు ముద్దనూరు. పులివెందుల వాళ్లకూ ఆ దారే దగ్గర. గవిని దగ్గరే దిగి నడవండి. ముందు ధాన్యాగారం, తర్వాత మసీదు, తర్వాత మాధవరాయస్వామి, తర్వాత కోనేరు. లోయ ఎక్కడికీ పోదు, సాయంత్రం చూడండి, అప్పుడే బండ రంగు బాగుంటుంది. అంచుకు పోవద్దు. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైన రాళ్లు వదులుగా ఉంటాయి, ఫొటో కోసం వెనక్కి అడుగేసి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎట్లా ఖర్చు పెట్టాలో చెప్పే హోదా నాకు లేదు, కోరిక మాత్రం ఉంది. ప్రతి కట్టడం దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పలక పెట్టాలి. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, ఎవరు వాడారు, ఎప్పుడు వదిలేశారు అని రాయాలి. కొండమీది ఊరి పిల్లలకు ఈ చరిత్ర నేర్పి, వచ్చినవాళ్లను వాళ్లే తిప్పి చూపించేలా జీతమివ్వాలి. ఊరిని కోట బయటికి పంపే ఆలోచన మాత్రం ఎవరూ చేయకూడదు. రాయలచెరువు పూడిక తీయాలి. టవెర్నియే రాసిన ఆ వరిమళ్లలో ఒక ఎకరమైనా మళ్లీ నాటాలి, చెరువు నీళ్లతోనే. కండక్టర్లకు కూడా ఒక కాగితం అచ్చేసి ఇస్తే మేలు. మెట్టు మీద నిలబడి అడిగేవాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.